దాత మూత్రపిండ బయాప్సీ: మార్పిడి ఫలితాల అంచనాలో దాని పాత్ర

మూత్రపిండాలు పూర్తిగా పనిచేయడం మానివేసిన రోగులకు డయాలసిస్, మూత్రపిండ మార్పిడి అనే రెండు చికిత్సా మార్గాలున్నాయి. ఈ రెండింటిలో మార్పిడి చేయించుకున్నవారే సాధారణంగా ఎక్కువ కాలం, మెరుగైన ఆరోగ్యంతో జీవిస్తున్నారు. అయితే అవయవాల కొరత తీవ్రంగా ఉన్నందున వయసు మళ్లిన దాతల నుండి, రక్తపోటు, మధుమేహం ఉన్న దాతల నుండి సేకరించిన మూత్రపిండాలను కూడా వినియోగించుకోవలసి వస్తున్నది. అటువంటి మూత్రపిండాన్ని అమర్చవచ్చునా, అమర్చితే ఎంతకాలం పనిచేస్తుంది అన్న విషయాలను అంచనా వేయడానికి వైద్యులు ఉపయోగించే సాధనాలలో బయాప్సీ ఒకటి.

బయాప్సీలో పరిశీలించే అంశాలు

ప్రతి మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ మొదట్లో ఉండే గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల గుచ్ఛం రక్తాన్ని వడపోస్తుంది. వయసు పెరిగేకొద్దీ, దీర్ఘకాలిక వ్యాధుల వల్లనూ ఈ గుచ్ఛాలు గట్టిపడతాయి. నాళికలు క్షీణిస్తాయి. వాటి మధ్యనున్న కణజాలంలో పీచు పేరుకుంటుంది. ధమనుల గోడలు మందమై రక్తం ప్రవహించే మార్గం ఇరుకవుతుంది. దాత మూత్రపిండం నుండి చిన్న తునకను తీసి సూక్ష్మదర్శిని ద్వారా ఈ నాలుగు మార్పులను పరిశీలిస్తారు. అంచనా నమ్మదగినదిగా ఉండాలంటే ఆ తునకలో కనీసం 25 గ్లోమెరులస్‌లు ఉండాలన్నది నిపుణుల అభిప్రాయం.

దాత మూత్రపిండంలో 20 శాతానికి మించి గ్లోమెరులస్‌లు గట్టిపడి ఉంటే మార్పిడి ఫలితాలు ఆశాజనకంగా లేవని 1995లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. అనంతరం చాలా కేంద్రాలలో ఈ 20 శాతమే ఒక హద్దుగా స్థిరపడింది.

ఇటలీకి చెందిన గియుసెప్పె రెమూజీ బృందం మరొక పద్ధతిని అనుసరించింది. పైన పేర్కొన్న నాలుగు మార్పులలో ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు మార్కులు వేసి, మొత్తం 3 లోపు ఉంటే ఒక మూత్రపిండాన్ని, 4 నుండి 6 వరకు ఉంటే ఒకే రోగికి రెండు మూత్రపిండాలను అమర్చడం, 7 లేదా అంతకు మించితే వినియోగించకపోవడం ఈ పద్ధతి సారాంశం. 60 ఏళ్లు దాటిన దాతల మూత్రపిండాలను ఈ విధంగా ఎంపిక చేసి 62 మంది రోగులకు అమర్చగా, అవి చిన్న వయసు దాతల మూత్రపిండాలకు దీటుగా పనిచేసినట్లు 2006లో ఆ బృందం ప్రకటించింది. ఇక్కడ బయాప్సీ వయసు మళ్లిన దాతల మూత్రపిండాలను సద్వినియోగం చేయడానికి తోడ్పడటం గమనార్హం.

అంచనాకు గల పరిమితులు

ఒక చిన్న తునక మొత్తం మూత్రపిండానికి ప్రతిబింబం కాజాలదు. ఉపరితలం నుండి కోసిన తునకలో గట్టిపడిన గ్లోమెరులస్‌లు వాస్తవం కంటే ఎక్కువగా కనిపించవచ్చు. సూదితో లోతుగా తీసిన తునకలో ధమనులు మెరుగుగా కనిపించినా, రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. సేకరించిన మూత్రపిండాన్ని ఎక్కువసేపు నిల్వ ఉంచడం మంచిది కాదు కనుక తునకను హుటాహుటిన గడ్డకట్టించి పరీక్షిస్తారు. ఈ పద్ధతిలో కణజాలం ఆకృతి కొంత మారుతుంది. అర్ధరాత్రి వేళ విధుల్లో ఉన్న సాధారణ పాథాలజిస్టు ఇచ్చే నివేదికకూ, మూత్రపిండ వ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందిన నిపుణుడు ఇచ్చే నివేదికకూ తేడా రావడం పరిశోధనలలో వెల్లడైంది. ఈ తేడాలను తగ్గించేందుకు బాన్ఫ్ నిపుణుల బృందం 2017లో ఏకరూప ప్రమాణాలను ప్రచురించింది.

తిరస్కరణ వల్ల కలిగే నష్టం

అమెరికాలో మృతదాతల మూత్రపిండాలలో దాదాపు సగానికి బయాప్సీ జరుగుతున్నది. మూత్రపిండాల తిరస్కరణకు అక్కడ ఎక్కువగా నమోదవుతున్న కారణం కూడా బయాప్సీ ఫలితమే. ఫ్రాన్స్‌లో ఈ పరీక్షను పరిపాటిగా చేయరు. 2004 - 2014 మధ్య కాలానికి రెండు దేశాలను పోల్చిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆ కాలంలో అమెరికా సేకరించిన 1,56,089 మూత్రపిండాలలో 27,987, అంటే 17.9 శాతం, నిరుపయోగమయ్యాయి. ఫ్రాన్స్‌లో ఇది 9.1 శాతం మాత్రమే. ఫ్రాన్స్ పద్ధతిని పాటించి ఉంటే అమెరికా తిరస్కరించిన వాటిలో 17,435 మూత్రపిండాలను, అనగా సుమారు 62 శాతాన్ని, రోగులకు అమర్చి ఉండేవారని పరిశోధకులు లెక్కగట్టారు. ఈ వ్యత్యాసానికి బయాప్సీ ఒక్కటే కారణం కాదు. కానీ ఒకే అంకెను ఆధారం చేసుకొని తీసుకునే నిర్ణయం ఎంతమందిని డయాలసిస్ పడకకే పరిమితం చేయగలదో ఈ లెక్క తెలియజేస్తున్నది.

అందువల్ల బయాప్సీ నివేదికను ఇతర ఆధారాలతో కలిపి చూడాలి. దాత వయసు, ఎత్తు, బరువు, రక్తపోటు, మధుమేహం, మరణ కారణం, గుండె ఆగిన తరువాత అవయవాలు సేకరించారా అన్న విషయం, రక్తంలో క్రియాటినిన్ పరిమాణం ఇందులో ముఖ్యమైనవి. గ్రహీత వయసు, ఆరోగ్యస్థితి, మరో మూత్రపిండం లభించే వరకు అతడు వేచి ఉండగలడా అన్నది కూడా నిర్ణయంలో భాగం కావాలి.

తెలుగు రాష్ట్రాలలో ప్రాధాన్యం

మన దేశంలో మూత్రపిండ మార్పిడులలో అధిక భాగం జీవించి ఉన్న దాతల ద్వారానే జరుగుతున్నాయి. జీవన్మృతుల అవయవాలను పారదర్శకంగా కేటాయించేందుకు 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ కార్యక్రమం ప్రారంభమైంది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండూ ఇదే పేరుతో దీనిని కొనసాగిస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కుటుంబాలను కుంగదీస్తున్న తరుణంలో దానంగా లభించిన ప్రతి మూత్రపిండం విలువైనదే. మార్పిడి సమయంలో తీసిన బయాప్సీని భద్రపరిస్తే, తరువాత మూత్రపిండం పనితీరు తగ్గినప్పుడు అది దాత నుండి వచ్చిన పాత లోపమా, కొత్తగా తలెత్తిన తిరస్కరణా అన్నది నిర్ధారించుకోవడానికి కూడా ఉపయోగపడుతుంది.

తీరని దుఃఖంలోనూ తమవారి అవయవాలను దానం చేయడానికి అంగీకరించిన కుటుంబాల ఔదార్యం వృథా కారాదు. పనికిరాని మూత్రపిండం రోగికి అమరరాదు, పనికివచ్చే మూత్రపిండం పారవేతకు గురికారాదు. ఈ రెండు లక్ష్యాలకూ తోడ్పడే సాధనంగానే బయాప్సీని వినియోగించుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.