మా చెల్లి కంచంలో ఉప్పు

పోయిన కార్తీకంలో మా చెల్లి ఫోన్ చేసి, "అక్కా, ఇక అన్నం మానేస్తున్నా. కీటో తింటే మాత్రలతో పనిలేదట" అంది. దానికి బైపోలార్ అని తెలిసి పదకొండేళ్ళు. రోజూ లిథియం వేసుకుంటుంది. నిద్రలేకుండా రాత్రంతా ఇల్లు సర్దిన రోజులూ, మంచం దిగని నెలలూ రెండూ చూసినవాళ్ళం. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. కోప్పడితే వినదు. అందుకే అసలీ కీటో ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని కూర్చున్నాను.

ఇది బరువు తగ్గడానికి పుట్టిన తిండి కాదండీ, మూర్ఛ కోసం పుట్టింది. పస్తుంటే మూర్ఛలు తగ్గుతాయని డాక్టర్లు గమనించారు. కానీ ఎన్నాళ్ళని పస్తుంచుతారు? 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ రసెల్ వైల్డర్ ఒక ఉపాయం చెప్పాడు. అన్నం, రొట్టె, చక్కెరలాంటివి బాగా తగ్గించి కొవ్వు పెంచితే, తింటూనే ఒళ్ళు ఉపవాసంలో ఉన్నట్టు ఉంటుంది. కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు చేస్తుంది, మెదడు చాలావరకు వాటితో నడుస్తుంది. ప్రతి ముద్దా తూకం వేసి పెట్టాలి. ఆ తల్లుల ఓపిక తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపించింది. 1938లో ఫెనిటాయిన్ మందు పనితనం బయటపడ్డాక ఆ తూకాలు మూలపడ్డాయి. మళ్ళీ 1990లలో మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు వాడకం పెరిగింది.

మూర్ఛకీ మా చెల్లి జబ్బుకీ ఏమిటి సంబంధం? మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు బైపోలార్‌కీ పనిచేస్తాయి. మరి ఆ తిండి కూడా పనిచేస్తుందేమోనని డాక్టర్లకి అనిపించింది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ చిన్న పరీక్ష 2024లో వచ్చింది. నాలుగు నెలలు, ఇరవై ఒక్కమంది, అందులో పదహారుమందికి బైపోలార్. చాలామంది కుదుటపడ్డారు. కానీ పోల్చి చూడటానికి మామూలు తిండి తిన్నవాళ్ళ గుంపు లేదు. ఇంకో మాట, వాళ్ళంతా మందులు వాడుతూనే ఆ తిండి తిన్నారు. చెల్లి చూసిన వీడియోలో లేనిది ఇదే.

నన్ను ఇంకా భయపెట్టింది ఉప్పు కథ. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్, ఉన్మాదం ఉన్నవాళ్ళని లిథియం శాంతపరుస్తుందని ప్రకటించాడు. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో, ఉప్పు మానమన్న గుండెజబ్బు రోగులకి ఉప్పు బదులు అమ్మిన లిథియం క్లోరైడ్ కొందరి ప్రాణాలు తీసింది. మన కిడ్నీలు సోడియంనీ లిథియంనీ ఇంచుమించు ఒకేలా చూస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గితే సోడియంని పట్టి ఉంచబోయి లిథియంనీ పట్టేస్తాయి. అప్పుడు రోజూ వేసుకునే మాత్రే విషమవుతుంది. కీటో మొదలుపెట్టిన కొత్తలో ఉప్పూ నీళ్ళూ ఒంట్లోంచి బాగా పోతాయి.

ఇది చదివాక ఇంకోటి గుర్తొచ్చి వణుకు పుట్టింది. ఆ నెల సోమవారాల్లో చెల్లి చప్పిడి ఉపవాసం చేస్తోంది. నేనే చెయ్యమన్నాను! వెంటనే ఫోన్ చేసి, "చేతులు వణుకుతున్నాయా? వాంతులా? నడక తూలుతోందా?" అని అడిగాను. "చేతులు కొంచెం వణుకుతున్నాయక్కా" అంది. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. రక్తపరీక్షలో లిథియం ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. సమయానికి వచ్చారన్నారు. కీటో చెయ్యాలనుంటే ముందు తనకి చెప్పి, పరీక్షలు చేయించుకుంటూ, మాత్రలు మానకుండానే అన్నారు.

ఇప్పుడు చెల్లి వేళకి తింటోంది, వేళకి పడుకుంటోంది. దాని పప్పులో ఉప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఎండాకాలం నీళ్ళ సీసా పక్కనే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా లిథియం వాడుతుంటే, ఉపవాసమైనా, పథ్యమైనా మొదలుపెట్టేముందు డాక్టర్ని ఒక్కమాట అడగండి. తిండి మందుకి తోడు రావచ్చు. మందు కుర్చీలో కూర్చోకూడదు.