సారు చెప్పిన బస్, మనం ఎక్కిన బస్సు

కొన్నేళ్ళ క్రితం ఓ రాత్రి క్లయింటు కాల్‌లో "వుయ్ క్యాన్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే" అని నొక్కి మరీ చెప్పాను. తెల్లారి మెయిలు చూస్తే రిలీజు వారం వెనక్కి పోయింది! అటువైపు అమెరికా ఆయనకి వినపడింది "క్యాంట్" అట. ఆ వారమంతా టీములో నా పేరు "మిస్టర్ క్యాంట్".

తర్వాత తెలిసిందేంటంటే, వాళ్ళు "క్యాంట్" చివరి ట్‌ని సగం మింగేస్తారు. "క్యాన్" వాక్యం మధ్యలో వస్తే "కన్" అని తేలిగ్గా వదిలేస్తారు. అంటే వాళ్ళు పోల్చుకునేది చాలావరకు అచ్చుని బట్టి. నేనేమో అచ్చుని నిండుగా పలికి, ట్ లేదు కదా అని ధీమాగా ఉన్నాను.

అసలు ఈ చివరి హల్లులతో నా గొడవ ఇప్పటిది కాదు. మాది అనంతగిరి (అరకు దగ్గరిదీ కాదు, వికారాబాద్ కొండలూ కావు. ఇప్పటి సూర్యాపేట జిల్లాలో, కోదాడ పక్కది). బళ్ళో ఇంగ్లీషు సారు "బస్సు కాదురా, బస్!" అని ఒక్కో ఉకారానికి ఒక్కో దెబ్బ వేసేవారు. ఆయన్ని మేమంతా పిలిచేది "సారూ" అనే. ఆయన మమ్మల్ని అరిచేది "సైలెన్సు!" అని. ఆ తమాషా అప్పట్లో ఎవరికీ తట్టలేదు. మనకి నోరు తిరగదు అన్న సిగ్గు మాత్రం మిగిలిపోయింది.

మనది అజంత భాష. అజంతా గుహలతో సంబంధం లేదు లెండి, అచ్చుతో అంతమయ్యేది అని అర్థం. "పుస్తకం" లాంటి వాటి చివరి సున్నాని పక్కనపెడితే మన మాటలు దాదాపుగా అచ్చు మీదే ఆగుతాయి. కానీ మొదటినుంచీ అంత గట్టిగా ఇలాగే లేదు. క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చెప్పే కడప జిల్లా కలమళ్ళ శాసనంలో "ఏళన్" (ఏలుతుండగా) అనే మాట ఉంది. చివర న్, దాని తర్వాత అచ్చు లేదు!

పక్కనున్న తమిళం చూడండి. వాళ్ళ పల్, విల్, కణ్ మనకి పల్లు, విల్లు, కన్ను. వాళ్ళ కాల్, పాల్, ఊర్ మనకి కాలు, పాలు, ఊరు. ఇందులో ఒక రూలుంది, గమనించారా? ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లు రెట్టించి ఉ చేరుస్తాం. పొడుగుదైతే రెట్టించకుండానే ఉ చేరుస్తాం.

1948 దాకా మా ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది, కచేరీ భాష ఉర్దూ. అప్పుడు వచ్చిన హక్ హక్కయింది, బజార్ బజారయింది, జవాబ్ జవాబయింది. ఇంగ్లీషు వచ్చాక బస్, పెన్, బిల్ మనకి బస్సు, పెన్ను, బిల్లు అయ్యాయి. కార్, గేట్, రైల్ మనకి కారు, గేటు, రైలు అయ్యాయి. అచ్చంగా అదే రూలు! చివర య్ ఉన్న తమిళ నెయ్ మనకి నెయ్యి అయినట్టే, జ్ చివరున్న జడ్జ్, బ్రిడ్జ్ కూడా ఇకారం తగిలించుకుని జడ్జి, బ్రిడ్జి అయ్యాయి. అంటే మా బళ్ళో దెబ్బలు తిన్నది పల్లునీ విల్లునీ తయారుచేసిన పాత పద్ధతే. బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు.

అయితే రూలు నోటితో ఆగదు, చెవిలోకీ వెళ్తుంది. 1999లో ఇమ్మాన్యుయెల్ డుపూ, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం ప్రచురించారు. "ఎబ్జో" వినిపిస్తే, మధ్యలో అచ్చు లేకపోయినా, జపాన్ వాళ్ళలో చాలామందికి "ఎబుజో" అనే వినపడింది. ఫ్రెంచివాళ్ళకి ఆ ఇబ్బంది రాలేదు. జపనీసులో న్ లాంటి ఒకటి రెండు తప్ప హల్లుల వెంట అచ్చు ఉండాల్సిందే. భాష ఒప్పుకోని చోట చెవే అచ్చుని అతికించుకుంటుందన్న మాట. అలాంటప్పుడు బెత్తం పుచ్చుకుని "సరిగ్గా అను" అంటే ఏం లాభం? ముందు సరిగ్గా వినిపించాలి కదా.

వినడానికి నాకు పనికొచ్చిన చిట్కా ఒకటి చెప్తాను. "బ్యాగ్", "బ్యాక్" అన్నప్పుడు వాళ్ళు చివరి గ్, క్‌లని తరచుగా పూర్తిగా విడవరు. కానీ గ్ ముందు అచ్చు సాగుతుంది, క్ ముందు టక్కున తెగుతుంది. "సీడ్", "సీట్" కూడా అంతే. కాబట్టి చివరి హల్లు కోసం చెవులు రిక్కించి కూర్చోకుండా, ముందున్న అచ్చు పొడుగు చూడండి. వడికీ వాడికీ, పలుకీ పాలుకీ తేడా పుట్టినప్పటినుంచీ వింటున్న చెవులు మనవి. పొడుగు కొలవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు నేను కాల్‌లో "క్యాన్" అనను, "యెస్, ఫ్రైడే ఈజ్ ఫైన్" అంటాను. "ఫిక్స్", "ఫిక్స్‌డ్" విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉంటాను. ఆ చివరి హల్లు మింగేస్తే అయిపోయిన పని ఇంకా కానట్టు వినపడుతుంది మరి. క్లయింటుతో బస్, అమ్మతో బస్సు. రెండూ ఒకే నోటితో అనగలిగినప్పుడు దేనికీ సిగ్గుపడక్కర్లేదు. మా అమ్మాయి మొన్న "నాన్నా, బస్సు కాదు, బస్" అని దిద్దింది. బెత్తం తీయలేదు. పల్లూ విల్లూ కథ చెప్పాను. మొత్తం విని "అయితే రెండూ కరెక్టే" అంది.

కరెక్ట్ కాదు, గమనించండి. కరెక్టే!