పుట్టింటి కాన్పు, సరిహద్దు: పలమనేరు నేపథ్యంలో గర్భిణీసంరక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం:
గర్భిణీసంరక్షణ దేశానికొక తీరుగా ఉండటానికి వైద్యశాస్త్రంలోని భేదాలకంటే, కాన్పు ఎక్కడ జరగాలనే ఆచారమూ, ఆ ఆచారానికి ప్రభుత్వాలు స్పందించిన విధానమూ ప్రధానకారణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు పలమనేరు ప్రాంతాన్ని బ్రిటన్, జపాన్ అనుభవాలతో పోల్చి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మంత్రసాని, పుట్టింటి కాన్పు, సరిహద్దు, తల్లీబిడ్డల పుస్తకం.

1. ఉపోద్ఘాతం:
చూలాలికి సీమంతం జరిపి, తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకొనిపోవడం తెలుగునాట బాగా వ్యాపించిన ఆచారం. పలమనేరుకు పడమట కర్ణాటకలోని ముళబాగిలు, ఆగ్నేయాన తమిళనాడులోని గుడియాత్తం ఉన్నాయి. ఇక్కడి వియ్యాలకు రాష్ట్రాల ఎల్లలు అడ్డుకావు. కాబట్టి అత్తవారింట నెలలు గడిపిన గర్భిణి, కాన్పు నాటికి మరొక రాష్ట్రపు ఆరోగ్యవ్యవస్థలో ఉండే అవకాశం ఉంది.

2. ఒకే జిల్లా, ఆపై మూడు రాష్ట్రాలు:
1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. వేలూరు, గుడియాత్తం కూడా ఆ జిల్లాలోనివే. ముళబాగిలు మాత్రం మైసూరు సంస్థానంలోనిది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడటంతో జిల్లా సరిహద్దు కాస్తా రాష్ట్ర సరిహద్దు అయింది.

ఈ ప్రాంతంలో ఆధునిక ప్రసూతివైద్యానికి వేలూరు ముఖ్యకేంద్రం. పురుషవైద్యుని సహాయాన్ని కుటుంబాలు అంగీకరించకపోవడంతో దిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టంతో మరణించిన ఘటనే తనను వైద్యవిద్యవైపు నడిపించిందని ఐడా స్కడ్డర్ చెప్పుకొన్నారు. ఆమె ఆధ్వర్యంలో 1902లో షెల్ ఆసుపత్రి, 1918లో స్త్రీల వైద్యపాఠశాల వెలిశాయి. అంతకుముందే, 1844లో, మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి ఏర్పడింది. తొలిదశలో ఈ సంస్థల దృష్టి ప్రధానంగా ప్రసవఘడియపైనే నిలిచింది. అంతకుముందరి తొమ్మిది నెలల పథ్యం, పని, విశ్రాంతి ఇంటి పెద్దల చేతిలోను, పురుడు మంత్రసాని చేతిలోను ఉండిపోయాయి.

3. బ్రిటన్, జపాన్:
బ్రిటన్‌లో సంరక్షణ ప్రసవఘడియ నుంచి వెనుకకు, గర్భధారణ మాసాలకు విస్తరించింది. ఎడింబరో వైద్యుడు బాలంటైన్ 1901లో ప్రసవానికి ముందే గర్భిణులకు ఆసుపత్రిలో చికిత్స అందాలని వాదించాడు. 1902 చట్టం ఇంగ్లండు, వేల్సులలో మంత్రసానులకు నమోదు ఏర్పరచింది. అప్పటికే వృత్తిలో ఉన్నవారికి కూడా అందులో చోటు కల్పించింది. 1929లో అక్కడి ఆరోగ్యశాఖ 16, 24, 28 వారాలలోను, ఆపై 36వ వారం వరకు పక్షానికొకసారి, తరువాత వారానికొకసారి పరీక్ష జరగాలని సూచించింది. ఈ క్రమం తరువాత అనేక దేశాలకు నమూనా అయింది.

జపాన్‌లోనూ కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆచారం ఉంది. దానిని ‘సాతోగాయెరి’ ప్రసవం అంటారు. అయితే అక్కడ 1942లో గర్భిణులకు చేతిపుస్తకం ప్రవేశపెట్టారు. 1948లో దానిని శిశువు వివరాలతో కలిపి తల్లీబిడ్డల పుస్తకంగా మార్చారు. పరీక్షల వివరాలన్నీ అందులోనే ఉంటాయి. గర్భిణి ఏ ఊరికి వెళ్ళినా ఆమె వైద్యచరిత్ర ఆమెతోపాటే వెళుతుంది.

4. పోలిక:
పై రెండు దేశాలలో ఒకటి పరీక్షల కాలాన్ని, మరొకటి గర్భిణి కదలికను ఆధారం చేసుకొన్నాయి. మన వ్యవస్థ ప్రధానంగా స్థలాన్ని, అంటే ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్యకేంద్రం పరిధిని ఆధారం చేసుకొంది. ఆ పరిధిలోని ఆశా కార్యకర్తకు పరిచయమైన గర్భిణి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తరలుతుంది. రక్తహీనత, రక్తపోటు జాగ్రత్తగా గమనించవలసిన కాలమూ అదే. మన వద్ద తల్లీబిడ్డల రక్షణ కార్డు లేకపోలేదు. కాని కర్ణాటకలో తాయి కార్డు, తమిళనాడులో పిక్మీ నమోదు అంటూ రాష్ట్రానికొక పద్ధతి నడుస్తోంది. ముత్తులక్ష్మి రెడ్డి పేరిట తమిళనాడు ఇచ్చే ప్రసూతి సహాయం వంటి పథకాలు కూడా ఆయా రాష్ట్రాలకు చెందినవే.

5. ముగింపు:
పుట్టింటి ఆచారాన్ని వెనుకబాటుతనంగా చూడటం చారిత్రకంగా సరికాదు. అదే ఆచారమున్న జపాన్ దానిని మానమనకుండా, దానికి తగిన సాధనాన్ని సమకూర్చుకొంది. పలమనేరు వంటి సరిహద్దు ప్రాంతానికి కావలసింది మూడు రాష్ట్రాలూ గుర్తించే ఒకే నమోదు. 1911 తరువాత గీసిన గీతలు పాలనకు అవసరమైనవే. అయితే గర్భిణి వైద్యచరిత్ర ఆ గీతల వద్ద తెగిపోకూడదు. అందుకే గర్భిణీసంరక్షణ చరిత్రను ఆసుపత్రుల స్థాపనతోపాటు, కాన్పుకు స్త్రీలు సాగించిన ప్రయాణాల ఆధారంగానూ రాయవలసి ఉంది.