గోండు బడిలో రెండు భాషలు

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక గాని నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు వినబడలేదు. 1943లో హైమెన్‌డార్ఫ్ పూనికతో అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. గోండు యువకులే పంతుళ్లయ్యారు. ఇది పాలకుల ఔదార్యం కాదు, తిరుగుబాటు ఫలితమేనని నా అభిప్రాయం.

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండీతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధనకు పూనుకున్నది 2004లో! అదైనా పై తరగతుల్లో తెలుగుకు చోటిచ్చి తప్పుకొనే వంతెనగానే.

పిల్లల్ని అదుపు చేయడానికి గోండీ, పాఠానికి తెలుగు అయితే ఆ పంతులు వట్టి దుబాసీ. గోండీలో ప్రశ్నింపజేసి, ఆ ప్రశ్నను తెలుగులోనూ నిలబెట్టగలిగినవాడే ఉపాధ్యాయుడు.