లినక్స్ కెర్నెల్‌లో పరికరాల నమోదు: ప్రక్షాళన చరిత్ర

లినక్స్ కెర్నెల్‌లో పరికరాల నమోదు అంటే, ఒక డ్రైవర్ తాను నడిపే పరికరం పేరును, దాని పనులు చేసిపెట్టే ఫంక్షన్ల చిరునామాలను కెర్నెల్ జాబితాలోకి ఎక్కించడం. డ్రైవర్ వెళ్లిపోయేటప్పుడు ఆ పేరును కొట్టేయడం నమోదు రద్దు. ఎక్కించడానికి చాలాసార్లు ఒక్క పంక్తి చాలు. చిక్కంతా కొట్టేయడంలోనే ఉంది. మూడు దశాబ్దాలుగా సాగుతున్న ఈ కోడ్ ప్రక్షాళనలో అధిక భాగం రద్దు చుట్టూనే తిరిగింది.

ఓటర్ల జాబితాతో పోల్చితే తేలిగ్గా అర్థమవుతుంది. ఊరు విడిచిపోయినవాడి పేరు జాబితాలో మిగిలిపోతే ఒక దొంగ ఓటు పడవచ్చు. కెర్నెల్ జాబితాలో అలా మిగిలితే యంత్రమే ఆగిపోవచ్చు. ఏదో ప్రోగ్రామ్ ఆ పేరు పట్టుకుని పిలుస్తుంది, కెర్నెల్ పాత చిరునామాకు వెళ్తుంది, అక్కడ కోడ్ ఉండదు. లినక్స్ వాళ్లు ‘ఊప్స్’ అని పిలుచుకునే లోపం ఇలాంటి చోట్లే తరచు బయటపడుతుంది.

పట్టికల కాలం

1970ల యూనిక్స్‌లో ఈ బెడద లేదు, ఎందుకంటే రద్దు అన్నదే లేదు. బ్లాక్ పరికరాలకు ఒక పట్టిక, క్యారెక్టర్ పరికరాలకు ఒక పట్టిక ఉండేవి. కొత్త పరికరం కొంటే ఆ పట్టికలో ఒక వరుస చేర్చి, కెర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేసి, యంత్రాన్ని తిరిగి ఆన్ చేయాలి. ప్రతి పరికరానికీ మేజర్, మైనర్ అని రెండు అంకెలు. మేజర్ ఏ డ్రైవరో చెబుతుంది, మైనర్ ఆ డ్రైవర్ కింద ఎన్నో పరికరమో చెబుతుంది.

1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈ అంకెలనే తీసుకుంది. ఒక్కొక్కదానికి 8 బిట్లు, అంటే 256 మేజర్లు, 256 మైనర్లు. పాత పీసీ హార్డ్‌డిస్కులకు 3, టెర్మినళ్లకు 4, స్కజీ డిస్కులకు 8, ఎక్కడా ఇమడని చిల్లర పరికరాలకు 10. ఈ అంకెల పంపకం జాబితాను హెచ్. పీటర్ ఆన్విన్ చాలాకాలం చూసుకున్నారు. 2003 డిసెంబరు 17న విడుదలైన 2.6 కెర్నెల్‌లో మేజర్‌కు 12 బిట్లు, మైనర్‌కు 20 బిట్లు వచ్చాక అంకెల కరువు తీరింది.

అసలు మలుపు అంకెలది కాదు, మాడ్యూళ్లది. 1995 మార్చిలో వచ్చిన 1.2 కెర్నెల్ నాటికి, నడుస్తున్న కెర్నెల్‌లోకి డ్రైవర్‌ను మాడ్యూల్ రూపంలో ఎక్కించి, అవసరం తీరాక దించేసే వీలు ఏర్పడింది. దించే వీలు వచ్చిన రోజే రద్దు బాధ్యతా వచ్చింది. ఆ బాధ్యతను డ్రైవర్ రాసేవారి జ్ఞాపకశక్తికి వదిలేశారు. అది సరిపోదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎవరు పట్టుకుని ఉన్నారు?

2.5 అభివృద్ధి కాలంలో ప్యాట్రిక్ మోచెల్ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడి నమూనా ఒకటి నిర్మించారు. బస్సు (పరికరాలు తగిలించే దారి), పరికరం, డ్రైవర్ అన్న మూడింటి సంబంధాన్ని కెర్నెల్ ఒకే పద్ధతిలో గుర్తుంచుకోవడం, ఆ చిత్రాన్ని సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థగా బయటికి చూపించడం అందులో ముఖ్యం. ప్రతి వస్తువునూ ఎంతమంది వాడుతున్నారో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క సున్నాకు దిగేదాకా దాని మెమరీని విడుదల చేయకూడదు.

ఇది చెప్పినంత తేలిక కాదని నెట్‌వర్క్ కార్డులు రుజువు చేశాయి. పాత డ్రైవర్లలో చాలా వాటికి, పరికరాన్ని వర్ణించే నెట్ డివైస్ నిర్మాణం డ్రైవర్ సొంత మెమరీలోనే ఉండేది. డ్రైవర్ పోతే అదీ పోయేది. సిస్‌ఎఫ్‌ఎస్ వచ్చాక అదే నిర్మాణానికి బయటి ప్రపంచంలో ఒక ఫైల్ పుట్టింది. కెర్నెల్ పత్రాల్లో దీనికి చక్కని ఉదాహరణ ఉంది: కార్డు ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పంపగల గరిష్ఠ పరిమాణం) విలువను చూపే ఫైల్‌ను తెరిచి పట్టుకునే, అదే ఆదేశంతో ఆ కార్డు డ్రైవర్‌ను దించడం. ఒక్క పంక్తి ఆదేశం అది. పాత పద్ధతిలో రాసిన డ్రైవర్ అయితే, ఫైల్ ఇంకా తెరిచే ఉంటుంది, దాని వెనక ఉండాల్సిన మెమరీ మాత్రం ఉండదు.

అందుకని నియమం మార్చారు. నిర్మాణాన్ని కెర్నెల్ ఇచ్చే ‘అలాక్ నెట్‌డెవ్’ తోనే తీసుకోవాలి, ‘రిజిస్టర్ నెట్‌డెవ్’ తో నమోదు చేయాలి. వెళ్లేటప్పుడు ముందు నమోదు రద్దు, ఆ తర్వాతే మెమరీ విడుదల. రెండూ వేర్వేరు అడుగులు. వందలాది డ్రైవర్లను ఈ పద్ధతికి మార్చాల్సి వచ్చింది. పైకి ఒక్క లక్షణమూ కొత్తగా కనిపించని చాకిరీ ఇది. ఈ పని చేసినవారికి పేరు రాలేదంటే ఆశ్చర్యం లేదు.

కొత్త నియమానికి సొంత జబ్బు ఒకటుంది. వాడకం లెక్కను పెంచినవారు తగ్గించడం మరిచిపోతే రద్దు ఎప్పటికీ పూర్తికాదు. పరికరం ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నానని కెర్నెల్ 10 సెకన్లకోసారి లాగ్‌లో చెబుతూ ఉంటుంది. కంటైనర్లు నడిపిన సర్వర్ నిర్వాహకులకు ఆ సందేశం బాగా తెలుసు. అయినా కూలిపోవడం కన్నా ఎదురుచూడడమే నయం.

పేర్ల సంగతి క్లుప్తంగా. పరికరాల ఫైళ్లను కెర్నెలే సృష్టించేలా రిచర్డ్ గూచ్ రాసిన డెవ్‌ఎఫ్‌ఎస్ 2000లో కెర్నెల్‌లో చేరింది. పేర్లు పెట్టడం కెర్నెల్ పని కాదంటూ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో కెర్నెల్ బయట నడిచే యూడెవ్ అనే ప్రోగ్రామ్‌ను తెచ్చారు. 2006లో డెవ్‌ఎఫ్‌ఎస్‌ను పూర్తిగా తొలగించారు. దాంతో ఇంకో లోపం వెలుగుచూసింది. డ్రైవర్ పరికరాన్ని నమోదు చేయగానే యూడెవ్‌కు కబురు వెళ్తుంది. డ్రైవర్ ఆ తర్వాత తాపీగా సిస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లు పెడుతుంది. గుమ్మం నిలబెట్టకముందే గృహప్రవేశానికి పిలిచినట్టు. ఫైళ్లన్నిటినీ ముందే ఒక గుంపుగా కట్టి నమోదుతో పాటే అందించాలన్న సూచన 2013లో క్రోవా-హార్ట్‌మన్ నుంచి గట్టిగా వచ్చింది. అప్పటినుంచి ప్రక్షాళన ప్యాచ్‌లలో ఇదొక పరిపాటి అయింది.

గోటూ నిచ్చెన

డ్రైవర్ మొదలయ్యేటప్పుడు అయిదారు పనులు వరసగా చేస్తుంది: మెమరీ తీసుకోవడం, పరికరం రిజిస్టర్లను మ్యాప్ చేయడం, ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) కోరడం, చివరికి నమోదు. నాలుగో పని విఫలమైతే చేసిన మూడింటినీ వెనక్కి తీయాలి, అదీ తిరుగు వరసలో. పెళ్లిపందిరి విప్పేవాళ్లు ముందు గుంజలు పీకరు కదా. సి భాషలో దీనికి దొరికిన మార్గం గోటూ. 1968లో డైక్‌స్ట్రా రాసిన ప్రసిద్ధ లేఖ తర్వాత కళాశాలల్లో దాన్ని అంటరాని మాటగా నేర్పారు. కెర్నెల్ శైలి పత్రం మాత్రం ఇలాంటి చోట దాన్ని వాడమనే చెబుతుంది. ఫంక్షన్ చివర లేబుళ్లు మెట్లలా ఉంటాయి. ఎక్కడ విఫలమైతే ఆ మెట్టు మీదికి దూకి అక్కడినుంచి దిగడమే. ఇది నిజాయితీగల పద్ధతే. అయితే మధ్యలో కొత్త పని చేర్చినవారు కింద కొత్త మెట్టు చేర్చడం మరిచిపోతారు. విఫలమయ్యే దారి రోజూ నడవదు కాబట్టి ఆ తప్పు ఏళ్లతరబడి అలాగే పడి ఉంటుంది.

ట్రయాంగిల్, లిబాటా, డెవ్‌రెస్

గోటూ నిచ్చెనలకు విరుగుడు దొరికిన కోడ్ మీద రెడ్ హ్యాట్ అనే లినక్స్ సంస్థ పేరుంది. ఆ సంస్థ ఊరున్న ఉత్తర కరోలినాలో రాలీ, డర్హమ్, చాపెల్‌హిల్ పట్టణాలను కలిపి ట్రయాంగిల్ అంటారు. లినక్స్‌కు ఈ ప్రాంతంతో అనుబంధం పాతది. చాపెల్‌హిల్ విశ్వవిద్యాలయపు సన్‌సైట్ 1990లలో లినక్స్ ప్రోగ్రాముల పెద్ద భాండాగారం. బాబ్ యంగ్, మార్క్ ఈవింగ్‌ల రెడ్ హ్యాట్ పెరిగింది ఇక్కడే. ఇప్పటికీ దాని ప్రధాన కార్యాలయం రాలీలో ఉంది. కెర్నెల్ కోడ్ రాసినవారంతా ఇక్కడ కూర్చునే రాశారని కాదు. రెడ్ హ్యాట్ మనుషులు ప్రపంచమంతా చెదిరి ఉంటారు.

ఆ సంస్థ పేరు మీద కాపీరైట్ ఉన్న కోడ్‌లో జెఫ్ గార్జిక్ రాసిన లిబాటా ఒకటి. సాటా డిస్కుల కోసం 2003లో మొదలైన ఈ కోడ్ లైబ్రరీ నేటికీ లినక్స్‌లో ఆ డిస్కులను నడుపుతోంది. నమోదు చరిత్రలో దీని స్థానం వేరు. లిబాటా డ్రైవర్లను కొత్త మ్యాపింగ్ పద్ధతికి మారుస్తుండగా టెజున్ హియోకు ఒక విషయం స్పష్టమైంది: కింది స్థాయి డ్రైవర్లలో చాలా వాటి విఫల దారులు సరిగా లేవు. ఒక్కొక్కటీ సరిదిద్దడం కన్నా ఆ పనే డ్రైవర్ల చేతినుంచి తీసేయడం మేలని ఆయన భావించారు. అలా పుట్టిందే డెవ్‌రెస్. దాని పత్రం తొలి ప్రతి మీద 2007 జనవరి 10 అని తేదీ ఉంది.

డెవ్‌రెస్‌లో డ్రైవర్ తీసుకున్న ప్రతి వనరూ పరికరం ఖాతాలో జమ అవుతుంది. మొదలుపెట్టడం విఫలమైనా, పరికరాన్ని విడదీసినా, కెర్నెలే ఆ ఖాతాను కొసనుంచి మొదటికి చదువుతూ అన్నీ విడుదల చేస్తుంది. పేరు ముందు ‘డెవ్ఎమ్’ చేర్చుకున్న ఈ ఫంక్షన్లు త్వరత్వరగా పెరిగాయి. గోటూ నిచ్చెనలు కూలిపోయి, పాతిక పంక్తుల చోట అయిదారు మిగిలాయి.

ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. సగం వనరులు డెవ్ఎమ్‌తో, సగం చేతితో నడిపిన డ్రైవర్లలో వరస తారుమారైంది. చేతితో తీసుకున్న మెమరీ ముందే పోతుంది. ఇంటరప్ట్ మాత్రం ఇంకా ఖాతాలో ఉండి, పోయిన మెమరీని వెతుక్కుంటూ వస్తుంది. ఇంతకన్నా లోతైన అభ్యంతరాన్ని 2022 లినక్స్ ప్లంబర్స్ సమావేశంలో లారాంట్ పిన్చార్ట్ వినిపించారు. డెవ్ఎమ్ మెమరీ ఆయుష్షు పరికరం విడిపోయేదాకానే. కెమెరాను ఊడబీకిన తర్వాత కూడా దాని ఫైల్‌ను ఒక ప్రోగ్రామ్ తెరిచే ఉంచుకోవచ్చు. అంటే నెట్‌వర్క్ కార్డుల నాటి పాత ప్రశ్నే తిరిగి వచ్చింది. ఈ అభ్యంతరం న్యాయమైనదే. విడుదల చేయడం మరిచిపోకుండా డెవ్‌రెస్ కాపాడింది గానీ, ఎప్పుడు విడుదల చేయాలన్నది తేల్చలేదు. క్యారెక్టర్ పరికరాల విషయంలో 2017లో లోగన్ గన్‌థార్ప్ చేర్చిన ‘సీడెవ్ డివైస్ యాడ్’ ఆ రెండో ప్రశ్నకు కొంత జవాబు. ఫైల్ తెరిచి ఉన్నంతకాలం పరికరపు నిర్మాణం బతికి ఉండేలా అది రెండింటినీ ముడివేస్తుంది.

ఇటీవలి మార్పులు

2022 డిసెంబరులో 6.1 కెర్నెల్‌తో అడుగుపెట్టిన రస్ట్ భాషలో నమోదు ఒక విలువ. ఆ విలువ పరిధి దాటగానే రద్దు దానంతటదే జరుగుతుంది. సి కోడ్‌కు కూడా ఇలాంటి సౌకర్యాన్ని పీటర్ జిల్‌స్ట్రా 2023లో చేర్చారు.

ఉవె క్లైనె-కోనిగ్ సాగించిన ప్రక్షాళన వీటన్నిటికన్నా చిన్నది, పట్టుదలలో పెద్దది. ప్లాట్‌ఫామ్ డ్రైవర్లలో ‘రిమూవ్’ ఫంక్షన్ ఒక అంకెను తిరిగి ఇచ్చేది. దాన్ని చూసి, తప్పు జరిగిందని చెబితే పరికరం నిలిచి ఉంటుందని చాలామంది రచయితలు నమ్మారు. కెర్నెల్ ఆ అంకెను పట్టించుకునేదే కాదు. పరికరం ఎలాగూ వెళ్లిపోయేది, సగంలో ఆపిన పనుల తాలూకు మెమరీ మిగిలిపోయేది. ఏమీ తిరిగి ఇవ్వని ‘రిమూవ్ న్యూ’ను 6.3 కెర్నెల్‌లో తాత్కాలికంగా పెట్టి, డ్రైవర్లను ఒక్కొక్కటిగా దానికి మార్చారు. 2024లో అసలు ‘రిమూవ్’నే ఏమీ తిరిగి ఇవ్వనిదిగా మార్చాక, ఆ డ్రైవర్లన్నిటినీ మళ్లీ పాత పేరుకే తీసుకొచ్చారు.