ఇంటికి దారి లేనివాళ్ల నూడుల్స్

1950ల్లో, 60ల్లో తైవాన్ పిల్లలు చాలామంది తొడుక్కున్న నిక్కర్ల మీద రెండు చేతులు కరచాలనం చేస్తుండేవి. పక్కనే ‘చైనా-అమెరికా సహకారం’ అని చైనా లిపిలో అచ్చు, మరోచోట నికర బరువు ఇన్ని కిలోలని ముద్ర. అమెరికా సాయం కింద వచ్చిన గోధుమపిండి సంచుల్ని తల్లులు విప్పి, ఉతికి, కుట్టిపెట్టిన నిక్కర్లవి. ఆ తరం వాళ్లు ఇప్పటికీ ఆ సంగతి నవ్వుతూ చెప్పుకుంటారు. గుడ్డ సంగతి సరే, అందులో వచ్చిన పిండి ఏమైంది? రొట్టెలైంది, కుడుములైంది, మాంటో అనే ఆవిరి బన్నులైంది. ఆ పిండి వరదలోనే, అంతకు ముందు ఆ దీవిలో ఎవరూ ఎరగని ఒక వంటకం వీధివీధికీ పాకింది. ఈరోజు తైవాన్ పేరు చెబితే మొదట గుర్తొచ్చే గిన్నె అదే: బీఫ్ నూడుల్స్.

తైపీలో దీన్ని తినాలంటే పెద్ద హోటల్‌కి పోనక్కర్లేదు, పోకపోవడమే మేలు కూడా. ఇళ్ల మధ్య ఉండే చిన్న కొట్లే దీని అసలు చోటు. వంట వీధివైపే సాగుతుంది. మేడ కింది వసారాలో, నడిచిపోయేవాళ్ల మొహాలకు ఆవిరి తగిలేట్టు, పెద్ద పెద్ద స్టీలు గంగాళాలు మరుగుతుంటాయి. లోపల నాలుగైదు బల్లలు, వీపు ఆనించడానికి వీల్లేని స్టూళ్లు, గోడ మీద మోగుతూ ఒక టీవీ. బల్ల మీద కాగితాల కట్ట, ఒక పెన్సిల్. కావలసినదానికి ఎదురుగా గీత పెట్టి గల్లా దగ్గర ఇస్తే చాలు. భాష రానివాడికి ఇదొక వరం, కాగితం మీది చైనా అక్షరాలు ఎవరైనా చదివిపెడితే. గాజు బీరువాలో చిన్న చిన్న పళ్లేల్లో సోయా సాస్‌లో ఉడికిన గుడ్లు, టోఫు ముక్కలు, సముద్రపు నాచు, వెల్లుల్లి పట్టించిన దోసకాయ ఉంటాయి. అవి మనమే తెచ్చుకోవాలి. లెక్క మాత్రం గల్లా మీది అమ్మగారు చూస్తూనే ఉంటారు.

గిన్నె వచ్చేసరికి పెద్ద ఆలస్యం ఉండదు. వెడల్పాటి గిన్నెలో ముదురు గోధుమరంగు చారు, పైన ఎర్రటి నూనె తేట, అడుగున గోధుమ నూడుల్స్, గంటల తరబడి ఉడికిన పిక్క మాంసం, సన్నగా తరిగిన ఉల్లికాడలు. అనాసపువ్వు, సిచువాన్ మిరియాలు, అల్లం, సోయా సాస్, కాస్త పటికబెల్లం, వీటన్నిటికీ వెన్నెముకగా పులియబెట్టిన చిక్కుడుగింజల కారం. బల్ల మీద ఊరబెట్టిన ఆవకూర డబ్బా ఉంటుంది, ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకోవచ్చు. ఆ పులుపు పడితేగానీ చారు నిండుదనం తెలియదు. చేతిలో డబ్బులు తక్కువున్న విద్యార్థులకు మాంసం ముక్కలు లేకుండా చారు, నూడుల్స్ మాత్రమే ఇచ్చే చౌక గిన్నె కూడా ఉంది. నూడుల్స్ జుర్రితే ఎవరూ తప్పుగా చూడరు. టిప్పు ఇచ్చే అలవాటు లేదు. తినేసి లేవడమే, బయట ఇంకొకరు నిలబడి ఉంటారు కాబట్టి.

బోర్డు మీద చాలాచోట్ల ‘సిచువాన్ రుచి’ అని రాసి ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. చైనాలోని సిచువాన్‌లో మసాలా పట్టించిన మాంసపు కూరలున్నాయి, నూడుల్స్ ఉన్నాయి, కారానికి కొదవే లేదు. కానీ తైవాన్‌లో ఆ పేరుతో అమ్మే ఈ గిన్నె మాత్రం అక్కడి పాత వంటల్లో లేదు. సిచువాన్ రుచి తైవాన్‌లో ఎలా పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

తైవాన్ వరి దేశం. 1895లో జపాన్ ఆ దీవిని చైనా నుంచి చేజిక్కించుకుని యాభై ఏళ్లు ఏలింది. తన జనానికి బియ్యం పండించే పొలంగా దాన్ని మలిచింది. నూడుల్స్ అప్పటికే ఉన్నాయి. జపాన్ వచ్చిన ఆ 1895లోనే దక్షిణాన తైనాన్ పట్నంలో హోంగ్ యూ-తౌ అనే జాలరి, తుపాన్ల నెలల్లో సముద్రం మీదికి పోలేక, కావడి భుజాన వేసుకుని చిన్న గిన్నెల్లో నూడుల్స్ అమ్మడం మొదలెట్టాడు. రొయ్య తలల చారు, పైన పంది మాంసం కొట్టిన తునకలు. ఆ ‘దాన్‌జాయ్’ నూడుల్స్ కొట్టు ఇప్పటికీ నడుస్తోంది. పంది, రొయ్య, చేప, బాతు, అన్నీ ఉన్నాయి. లేనిది గొడ్డుమాంసమే.

ఎందుకు లేదో తెలుగువాళ్లకు పెద్దగా వివరించనక్కర్లేదు. దున్నే ఎద్దును, దున్నపోతును రైతు తినడు. ఏళ్ల తరబడి తనతోపాటు బురదలో దిగిన జంతువును కోసుకోవడం కృతఘ్నత అని తైవాన్ రైతు కుటుంబాల నమ్మకం. జపాన్‌కు ముందు ఏలిన చింగ్ చక్రవర్తుల కాలంలో సేద్యపు పశువుల్ని వధించడం చట్టరీత్యా నేరం కూడా. మతం కన్నా కృతజ్ఞతే ఇక్కడ పెద్ద కట్టుబాటు. ఇప్పటికీ పల్లెల్లో పాత తరం వాళ్లలో బీఫ్ ముట్టనివాళ్లు కనిపిస్తారు. జపాన్ వాళ్లు వచ్చాక పట్నాల్లో కొంత అలవాటైనా, సామాన్యుడి వంటింట్లోకి అది రాలేదు.

ఆ గడప దాటించింది ఓడిపోయిన సైన్యం. చైనా అంతర్యుద్ధంలో మావో కమ్యూనిస్టుల చేతిలో చిత్తయిన జాతీయవాదుల నాయకుడు చియాంగ్ కై-షేక్ 1949 డిసెంబర్ 10న సిచువాన్‌లోని చెంగ్డూ నుంచి విమానమెక్కి తైవాన్ చేరాడు. ఆ ఏడాది ముందూ వెనకా ఆయన సైనికులు, ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు సముద్రం దాటారు. ఎంతమందన్నది పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా రకరకాలుగా చెబుతారు. అప్పటి తైవాన్ జనాభా అరవై లక్షలు. ఇదేదో కొన్నాళ్ల మకాం, మళ్లీ దండెత్తి ఊరికి పోతామన్నది నాయకుడి మాట. దీవంతటా 800 పైచిలుకు సైనిక కుటుంబాల బస్తీలు లేచాయి. వెదురు, మట్టి, రేకులతో కట్టిన ఇళ్లు. తిరిగి పోయేవాళ్లకు గట్టి గోడలెందుకు?

ఆ బస్తీల్లో షాన్‌డాంగ్ వాళ్ల పక్కన హునాన్ వాళ్లు, వాళ్ల పక్కన సిచువాన్ వాళ్లు. గోడలు పలచన, వాసనలు ఇంటినుంచి ఇంటికి పోతాయి. ఒకరి రొట్టె, ఇంకొకరి కారం, మరొకరి మాంసం వండే తీరు కలిసిపోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. పైగా జపాన్‌తో యుద్ధకాలంలో చాలా ఏళ్లు చియాంగ్ ప్రభుత్వం సిచువాన్ ప్రాంతంలోని చోంగ్‌చింగ్‌ను రాజధాని చేసుకుంది. ఎక్కడ పుట్టినవాళ్లకైనా అక్కడ గడిపిన ఏళ్లలో ఆ కారం అలవాటైంది. అందుకే బోర్డు మీద ‘సిచువాన్’ అని రాసినాయన సిచువాన్ వాడే అయ్యుండాలని లేదు.

దక్షిణాన గావ్‌షియోంగ్ దగ్గర గాంగ్‌షాన్‌లో వైమానిక దళ అకాడమీ స్థిరపడింది. ఆ దళం కుటుంబాల్లో చెంగ్డూ నుంచి వచ్చినవాళ్లు బాగానే ఉన్నారు. చిక్కుడుగింజల్నీ మిరపపళ్లనీ ఉప్పేసి ఎండలో జాడీల్లో పులియబెట్టే విద్య వాళ్లతోపాటే వచ్చింది. అమెరికా వెళ్లే మనవాళ్ల పెట్టెలో ఆవకాయ ఉన్నట్టే అనుకోండి, కాకపోతే వీళ్లు జాడీ తేలేదు, చేతి వాటం తెచ్చుకున్నారు. 1950లో అక్కడ మొదలైన మింగ్-ద కారం ముద్ద ఇప్పటికీ తైవాన్ వంటిళ్లలో పేరున్న సరుకు. చెంగ్డూ సరుకు కంటే కాస్త తీపి.

తైవాన్ జాతీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పి, ఆహార చరిత్రనూ పాఠంగా మార్చిన లూ యావ్-దోంగ్ ఒక వాదన తెచ్చారు. సిచువాన్ మాంసపు కూరకు గాంగ్‌షాన్ కారం తగిలి, అందులో నూడుల్స్ పడి, అక్కడినుంచే ఈ వంటకం తైపీ దాకా పాకిందని. దీనికి కాగితం మీద సాక్ష్యం లేదు, ఇది చరిత్రకారుడి ఊహ. ఒకేసారి పది బస్తీల్లో పదిమంది అమ్మలకు ఇదే తట్టి ఉండొచ్చని నాకనిపిస్తుంది. వంటకాలకు జన్మపత్రాలు వెతికేవాళ్లు చివరికి ఒక మగవాడి పేరు దగ్గర ఆగడం మామూలే. అయినా గాంగ్‌షాన్ కథలో ఒక బలముంది. కారం అక్కడ ఉంది, దాన్ని తినేవాళ్లూ అక్కడే ఉన్నారు.

ఇక గోధుమ. 1951 నుంచి 1965 దాకా అమెరికా తైవాన్‌కు సుమారు 150 కోట్ల డాలర్ల సాయం చేసింది. 1954 నాటి పబ్లిక్ లా 480 కింద తన రైతుల దగ్గర మిగిలిపోయిన గోధుమల్ని ఓడలకెత్తింది. తైవాన్ ప్రభుత్వానికి ఇది రెండు విధాలా లాభం. జనం గోధుమ తింటే బియ్యం మిగులుతుంది. మిగిలిన బియ్యం జపాన్‌కి అమ్మితే డాలర్లు వస్తాయి. రైతుల దగ్గర ఎరువుకు బదులు వడ్లు తీసుకునే పద్ధతి కూడా పెట్టింది. ఎరువు ధర ఎక్కువ కట్టి, వడ్ల ధర తక్కువ కట్టి. అన్నం తినే జనానికి పిండి వంటలు నేర్పే ప్రచారాలు సాగాయి. ఉత్తర చైనా నుంచి వచ్చిన సైనికులకు ఆ పాఠాలు అక్కర్లేదు, వాళ్లకు పిండి పిసకడం పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ 480 నంబరు మనకూ తెలుసు. 1956 ఒప్పందంతో మన దేశానికీ అవే గోధుమలు వచ్చాయి. 1965లో లాల్‌బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని అడిగిన రోజుల్లో రేషన్ షాపుల్లో దొరికింది అవే. అన్నం తప్ప గడవని తెలుగు ఇళ్లు వాటిని అయిష్టంగానే రవ్వ పట్టించి ఉప్మా చేసుకున్నాయి. ఇంకో వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. 1966లో వచ్చిన ఐఆర్-8 వరికి తల్లిదండ్రుల్లో ఒకటి తైవాన్ పొట్టి రకమే, పేరు డీ-జియో-వూ-జెన్. పశ్చిమగోదావరిలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్-8 పండించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. తైవాన్‌వాళ్లకు బియ్యం బదులు గోధుమ తినమని చెబుతున్న కాలంలోనే, ఆ దీవి వరి గోదావరి గట్టున మన కంచాలు నింపడం మొదలుపెట్టింది.

కారం ఉంది, పిండి ఉంది. గిన్నెను వీధిలోకి తెచ్చింది మాత్రం పనిలేని సైనికుడు. దండయాత్ర జరగలేదు, సైనికులకు వయసు మీరింది. 1954లో మాజీ సైనికుల కోసం ఒక సంస్థ పెట్టి, వాళ్లను పనుల్లోకి మళ్లించారు. కొండల్ని తొలిచి దీవికి అడ్డంగా వేసిన రోడ్డు, 1956 నుంచి 1960 దాకా, వాళ్లు వేసిందే. ఆ పనిలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. కిందిస్థాయి సైనికులకు చాలాకాలం పెళ్లికీ అనుమతి లేదు. స్థానిక భాష సరిగా రాదు, భూమి లేదు, చుట్టాల్లేరు. అలాంటివాడికి మిగిలిన దారి ఒక తోపుడుబండి, ఒక పొయ్యి, ఒక గంగాళం. అద్దె లేని చెట్టు నీడలో, బడి గోడ పక్కన. తైపీలో ఇప్పుడు పర్యాటకులు వరసలో నిలబడే యోంగ్‌కాంగ్ బీఫ్ నూడుల్స్ 1963లో అలా బండి మీద మొదలైందే. అధ్యక్ష భవనానికి దగ్గర్లోని తావ్‌యువాన్ వీధిలో ఒకప్పుడు వరసపెట్టి ఇవే కొట్లు, ప్రతి బోర్డు మీదా ‘బీఫ్ నూడుల్స్ రాజు’. ఆ వీధిలో ప్రజ ఉన్నట్టు లేదు.

ఎర్రచారుతోపాటు తెల్లచారు కూడా ఉంది. చైనా నుంచి వచ్చిన హుయ్ ముస్లింలు సోయా సాస్, కారం లేకుండా ఎముకలు మరిగించి చేసే తేట చారు. తైపీలో పచ్చ బోర్డు మీద హలాల్ అని రాసిన కొట్లలో అది దొరుకుతుంది. నాలుకకు నిప్పు పెట్టకుండా మాంసం రుచి చూడాలనుకునేవాళ్లకు అదే మంచిది.

1987 జులైలో, 38 ఏళ్ల సైనిక శాసనం తర్వాత, తైవాన్ ఊపిరి పీల్చుకుంది. ఆ నవంబర్ నుంచి చైనాలోని సొంతూరికి వెళ్లి అయినవాళ్లను చూసుకునే వీలు కల్పించారు. ఇరవైల్లో వచ్చినవాళ్లు అరవైల్లో పడి, కానుకల మూటలతో తిరిగి వెళ్లారు. చాలామందికి తల్లిదండ్రుల సమాధులే మిగిలాయి. కొందరికి, అప్పట్లో వదిలి వచ్చిన భార్య ఇంకొకరి ఇల్లాలిగా కనిపించింది. నలభై ఏళ్లు ‘మా ఊరి రుచి’ అంటూ అమ్మిన గిన్నె మాత్రం ఊళ్లో లేదు. దాన్ని అక్కడికి చేర్చింది వ్యాపారం. తైవాన్‌కు చెందిన వెయ్ సోదరుల కంపెనీ 1992లో త్యాంజిన్‌లో కాంగ్‌షిఫూ పేరుతో ఎర్రచారు బీఫ్ నూడుల్స్ ప్యాకెట్ అమ్మకం మొదలుపెట్టింది. చైనా రైళ్లలో వేడినీళ్లు పోసిన ఆ కప్పుల వాసన రాని పెట్టె లేదన్నంతగా అది పాకింది. అంతకు ముందే 1958లో జపాన్‌లో ప్యాకెట్ నూడుల్స్ కనిపెట్టిన అందో మోమోఫుకూ కూడా తైవాన్‌లో పుట్టినవాడే. నూడుల్స్ విషయంలో ఈ చిన్న దీవి తన వాటా కన్నా ఎక్కువే ఇచ్చింది.

2005లో తైపీ నగరపాలక సంస్థ బీఫ్ నూడుల్స్ పండుగ మొదలుపెట్టి పోటీలు పెట్టింది. 2018లో హోటళ్ల గైడ్ మిషెలిన్ వాళ్లు వచ్చి కొన్ని చిన్న కొట్లకు గుర్తింపు ఇచ్చారు. ఈలోగా కొన్ని గొప్ప కొట్లు ఖరీదైన మాంసంతో పోటీకి దిగాయి. నా ఓటు మాత్రం వీధి మలుపు కొట్టుకే. ఈ వంటకం బతికిందే చౌకదనం మీద. గట్టి మాంసాన్ని గంటల తరబడి ఉడికించి మెత్తబరచడంలోనే దీని నేర్పంతా ఉంది. ముట్టుకుంటే విడిపోయే మాంసం వేస్తే ఆ నేర్పుకు పనేముంది?

1965 నాటి అమెరికా వలస చట్టం తర్వాత తైవాన్‌లో చదువుకున్నవాళ్లు కాలిఫోర్నియాకు కదిలారు. లాస్ ఏంజెలెస్ పక్కన మాంటెరీ పార్క్‌కు ‘లిటిల్ తైపీ’ అని పేరొచ్చింది. తర్వాత చిప్ ఇంజనీర్ల వెంట కుపర్టినో, ఫ్రీమాంట్ వైపు కూడా కొట్లు చేరాయి. ఆ ఊళ్లలో ఉండే తెలుగు ఇంజనీర్లు చాలామంది తమ పొరుగున ఉన్న ఈ కొట్లలోకి ఏదో ఒకనాడు అడుగుపెట్టే ఉంటారు. పెట్టాక వచ్చే ప్రశ్న ఒకటే: బీఫ్ తిననివాడు ఏం తినాలి?

తైవాన్‌లోనే అయితే దానికి జవాబు తేలిక. బౌద్ధం వల్ల అక్కడ శాకాహార కొట్లకు లోటు లేదు, బోర్డు మీద స్వస్తిక గుర్తు చూసి పట్టుకోవచ్చు. అదే ఎర్రచారును పుట్టగొడుగులతో, సోయా ముక్కలతో చేసిపెడతారు. నిష్ఠగా నడిచే కొట్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. కారం మాత్రం మన లెక్కకు చాలదు, విడిగా అడిగి వేసుకోవాలి.