వంతులవారీ ఆకాశం: డెల్టా గ్రామాల్లో వైఫై బ్యాండ్‌విడ్త్ నిర్వహణ, చారిత్రక పరిశీలన

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. ఆనాటి నుంచి చాలాకాలం డెల్టా ప్రజలకు రేడియో తరంగమంటే ఒక వైపు నుంచి వచ్చేదే. నేటి 837 కిలోహెర్ట్జ్ సైతం శ్రోతకు ముల్లు నిలపవలసిన చోటు మాత్రమే. ఆ పౌనఃపున్యంలోకి మరొకరు చొరబడకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిది. ఆకాశాన్ని పంచుకోవలసిన అవసరం శ్రోతకు రాలేదు.

ఆ అవసరం వైఫైతో వచ్చింది. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు నుంచి మినహాయించింది. అంతకు కొద్ది ముందే, కొల్లేరుకు ఆవల భీమవరం పరిసర గ్రామాల్లో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరిట వైఫై జాలాన్ని నిర్మించడం మొదలుపెట్టింది. ఇంటి గదికోసం రూపొందిన 802.11 పరికరాలతోనే కిలోమీటర్ల దూరంలోని పల్లెలకు దృశ్య సంభాషణ ద్వారా వైద్య సలహా, బోధన, వ్యవసాయ సూచనలు అందించాలన్నది సంకల్పం. దీన్ని దూరాన్ని జయించిన కథగా చెప్పడం సులభం. అసలు చిక్కు దూరం కాదు, పంపకం అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దూరానికి లెక్క ఉంది. 20 కిలోమీటర్ల లంకెకు 2.4 గిగాహెర్ట్జ్ వద్ద మధ్య బిందువులో తొలి ఫ్రెనెల్ మండలం వ్యాసార్ధం 25 మీటర్లు. అందులో అరవై శాతమైనా అడ్డు లేకుండా ఉండాలి. భూమి వంపుకు మరో ఆరు మీటర్లు కలపాలి. డెల్టాలో కొండలు లేకపోయినా కొబ్బరిచెట్లున్నాయి. కనుక ఎత్తయిన టవరు తప్పదు, ఖర్చులో సింహభాగం దానిదే. 24 డీబీఐ గ్రిడ్ యాంటెన్నా బిగిస్తే, 4 వాట్ల ప్రసరణ పరిమితికి లోబడాలంటే రేడియోకు దాదాపు 16 మిల్లీవాట్లు చాలు. శక్తి కొరత లేదు.

పంపకానికి అంత సులువైన లెక్క లేదు. ఒక్కో గ్రామానికి దృశ్య సంభాషణ కోసం 384 కిలోబిట్ల వేగం రెండు దిశలా కావాలి. 802.11బి పరికరం మీద 11 మెగాబిట్లని రాసి ఉన్నా, చేతికందేది సుమారు ఆరు. అంటే ఒక ఛానెల్‌పై ఏకకాలంలో ఏడు గ్రామాలకు మించి కుదరదు. ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్లు ఆ పట్టీలో మూడే. పైగా వైఫై మర్యాద ‘విని, ఖాళీగా ఉంటేనే మాట్లాడు’ అన్నది. అది గది కొలతకు పుట్టినది. 15 కిలోమీటర్ల దూరం తరంగం వెళ్లి రావడానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రమాణంలో ఒక వేచివుండే విరామం 20 మైక్రోసెకన్లే. అందుచేత అవతలి గ్రామం ‘అందింది’ అని చెప్పేలోపే ఇవతలి యంత్రం నిరాశపడి మళ్లీ పంపుతుంది. ఒకే టవరుపై పక్కపక్కన ఉన్న యాంటెన్నాల గొడవ మరొకటి: ఒకటి పంపుతున్నప్పుడు దాని పక్క కిరణాలు రెండోదాని చెవులు మూసేస్తాయి.

దీనికి అప్పట్లో కాన్పూర్ ఐఐటీలో ఉన్న భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ‘2పి’ అనే పద్ధతి ప్రతిపాదించారు. అశ్విని జాలాన్ని కూడా అధ్యయనం చేసినవారు వీరే. టవరుపై అన్ని యాంటెన్నాలూ ఒకేసారి పంపాలి, లేదా ఒకేసారి వినాలి. అప్పుడు ఒకే ఛానెల్ సరిపోతుంది. షరతు ఒక్కటే: పొరుగు టవర్లు ఎదురు వంతులో ఉండాలి. చెట్టు కొమ్మల్లా విస్తరించే జాలానికి ఇది సహజంగా కుదురుతుంది. ముగ్గురు ఒకరితో ఒకరు కలిసే త్రిభుజంలో కుదరదు.

కృష్ణా డెల్టా పాఠకుడికి ఇది కొత్త ఆలోచన కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ నీటి తగాదాల్లో ప్రధానమైనది నీరెంతన్నది మాత్రమే కాదు, ఎవరి వంతు ఎప్పుడన్నది కూడా. ఎగువ తూము తెరిచినంతసేపు చివరి పొలం ఎదురుచూస్తుంది. తేడా ఏమిటంటే కాలువకు లస్కరు ఉన్నాడు, లైసెన్సు లేని పట్టీకి కాపలాదారు లేడు. వంతును యంత్రంలోనే రాయవలసి వచ్చింది.

అశ్విని ఎక్కువకాలం నిలవలేదు. 2009 జనవరిలో సత్యం సంక్షోభం బయటపడ్డాక దాని వ్యవస్థాపక కుటుంబం నెలకొల్పిన ఫౌండేషన్ కార్యక్రమాలు కుంచించుకుపోయాయి. తరంగం తడబడినందుకు కాదు, దాత తడబడినందుకు! గ్రామాలు సొంతంగా నడుపుకోగల ఆర్థిక వంతు ఏర్పాటు కాలేదన్నది ఇక్కడి చరిత్రకారుడు పట్టించుకోవలసిన ప్రశ్న.

2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ వెన్నెముకను ఆకాశం నుంచి విద్యుత్ స్తంభాలపైని తీగకు మార్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా అందుబాటులోకి వచ్చింది. విజయవాడ అపార్టుమెంట్లలో ఒకరి రూటరు మరొకరి ఛానెల్‌పై పడే తగాదా మాత్రం, గోడల మధ్య, కొనసాగుతూనే ఉంది.